నీళ్ల ట్యాంకు ఎత్తెంత?

ఆ చలికాలం మా ఇంట్లో రెండు బడులు నడిచాయి. ఒకటి మా అత్తయ్యది, ఇంకొకటి నాది. మధ్యలో మా ఆయన, ఏ బడి హాజరుపట్టీలోనూ పేరు లేని విద్యార్థి.

అత్తయ్యా నేనూ ఒకే హైస్కూల్లో లెక్కల టీచర్లం. ఎనిమిదో తరగతి 'ఎ' సెక్షన్ ఆవిడది, 'బి' సెక్షన్ నాది. రెండు గదులకీ మధ్య ఒక్కటే గోడ. ఆవిడ ఆ బడిలో తల నెరిసిన మనిషి, నేను ఆ ఏడే చేరినదాన్ని. పిల్లలు ఆవిణ్ణి పెద్ద మేడమ్ అనేవాళ్లు, నన్ను చిన్న మేడమ్. ఇంట్లో మేం ఒకరితో ఒకరం ఎంతో మర్యాదగా ఉండేవాళ్లం. ఎంత మర్యాదంటే, ఒకరి పాఠం గురించి ఒకరం పొరపాటున కూడా ఎత్తేవాళ్లం కాదు. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకునేవాళ్లం, ఆరని బట్టల గురించి మాట్లాడుకునేవాళ్లం. బడి మాట వచ్చేసరికి ఇద్దరం నోళ్లు కుట్టేసుకునేవాళ్లం. పొద్దున ఆవిడ ముందు బయల్దేరేది. ఆవిడ వీధి మలుపు తిరిగాక నేను చెప్పులేసుకునేదాన్ని.

మా అమ్మాయిదీ ఎనిమిదో తరగతే. ముద్దుపేరు పిడుగు. ఆ పేరెందుకొచ్చిందో దాన్ని చూసినవాళ్లెవరూ అడగలేదు. తల్లి సెక్షన్లో కూతురు ఉండకూడదని బడి రూలు. నానమ్మ సెక్షన్లో ఉండకూడదని రాయడం ఎవరికీ తోచలేదు కాబట్టి అది 'ఎ'లో పడింది.

చలి ముదురుతున్న రోజుల్లో ఓ పొద్దున బడి ముందు వ్యాను ఆగింది. అందులోంచి మనిషెత్తు అట్టపెట్టె దిగింది. మోసినవాళ్లు నలుగురైతే దారి చెప్పినవాళ్లు బడి మొత్తం. డిజిటల్ బోర్డు! 'ఎ' గది గోడకి చెమ్మ ఉందని దాన్ని నా గదిలో బిగించారు. పాత నల్లబల్లని ఊడదీసి వరండాలో ఓ మూలకి చేరేశారు.

బోర్డు వెలిగిన ఆ క్షణం నాకింకా కళ్లకి కట్టినట్టుంది. ఒక ఘనాన్ని వేలితో తిప్పితే దాని వెనకవైపు కనబడింది. విప్పితే ఆరు చదరాలై పరుచుకుంది. మళ్లీ ముడిస్తే పెట్టెయింది. నేను లెక్కలు చదివి, లెక్కలే చెప్పుకుని బతుకుతున్నదాన్ని, అయినా లెక్క అలా కదలడం చూడ్డం అదే మొదటిసారి. "మేడమ్, ఇంకోసారి! మేడమ్, నేను తిప్పుతా! మేడమ్, వాడు తోస్తున్నాడు!" అని పిల్లలు నా మీద పడ్డారు. ఆ రోజు సాయంత్రానికి నా గొంతు పోయింది. అంత సంతోషంగా గొంతు పోవడం కూడా అదే మొదటిసారి.

బోర్డుతోపాటు పిల్లలకి తలా ఒక చిన్న రిమోటు వచ్చింది. ప్రశ్న తెర మీద పడగానే జవాబు నొక్కాలి. ముందుగా సరిగ్గా నొక్కినవాళ్ల పేరు పైన పచ్చగా మెరుస్తుంది, వెనకబడ్డవాళ్ల పేరు అడుగున ఎర్రగా పడుతుంది. ఇక చూడండి, క్లాసు క్లాసంతా పరుగుపందెం. గోడ అవతల అత్తయ్య చాక్‌పీసు టకటక వినబడేది, మా కేరింతల్లో అదీ మునిగిపోయేది.

వారం తిరక్కుండానే హెడ్మాస్టరు గారు నన్ను వరండాలో ఆపి రహస్యం చెప్పారు. ఆయన రహస్యం చెబితే గేటు దగ్గరున్నవాళ్లకి కూడా వినబడుతుంది.

"వచ్చే నెల తల్లిదండ్రుల సమావేశం ఉంది కదమ్మా. అందులో మీ బోర్డు చూపిద్దాం. అందరికీ నచ్చితే వచ్చే ఏడాది రెండు సెక్షన్ల లెక్కలూ మీకే. పెద్ద మేడమ్‌కి లైబ్రరీ ఇద్దాం, విశ్రాంతిగా ఉంటుంది."

"ఆవిడ విశ్రాంతి అడిగారా సార్?"

"ఆవిడ అడగరు. అందుకే మనం ఇవ్వాలి. ఇంట్లో అనకండేం!"

రెండు సెక్షన్లూ నాకే అన్నప్పుడు గుండె ఎగిరి గంతేసిన మాట నిజం. లైబ్రరీ అన్నప్పుడు ఆ గంతేసిన గుండె ఎక్కడ దిగాలో తెలియక అక్కడే ఆగిపోయిన మాటా నిజం.

ఆ సాయంత్రం అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. నేను గిన్నెలు తుడుస్తున్నాను. మా ఆయన అప్పుడే బస్సుని డిపోలో అప్పజెప్పి వచ్చి, డ్రైవరు చొక్కా విప్పకుండానే టీ తాగుతున్నాడు.

"అమ్మాయ్, మీ క్లాసులో రేడియో వినబడ్డం లేదేం?" అంది అత్తయ్య, చిక్కుడుకాయ మీంచి కళ్లెత్తకుండా.

రేడియో అంటే నా క్లాసులో ఓ అమ్మాయి. ఆ పిల్ల నోరు విప్పిందంటే ప్రశ్న, జవాబు, ఆ జవాబు మీద అనుమానం, పక్కదాని అనుమానం, అన్నీ ఏకబిగిన ప్రసారమయ్యేవి. గోడ అవతల కూర్చునే అత్తయ్య పిల్లలక్కూడా సగం పాఠం ఆ పిల్ల నోటినుంచే అందేది.

నాకు చురుక్కుమంది. ఎన్నడూ లేనిది, మా మర్యాద గీత దాటి ఆవిడే వచ్చింది కదా అని నేనూ దాటేశాను.

"మీ క్లాసులో నత్త ఇంకా బోర్డు దగ్గరే నిలబడ్డాడా అత్తయ్యా?"

ఆవిడ క్లాసులో ఓ పద్ధతి ఉండేది. లెక్క తప్పు చేసినవాళ్లు చాక్‌పీసు పట్టుకుని, అది సరయ్యేదాకా నల్లబల్ల దగ్గర నిలబడాలి. నిదానంగా లెక్క చేసే ఓ అబ్బాయికి పిల్లలు నత్త అని పేరు పెట్టారు. ఆ చలికాలమంతా వాడు బెంచీ మీద కూర్చున్నదానికంటే బోర్డు దగ్గర నిలబడిందే ఎక్కువ.

చిక్కుళ్లు ఒలవడం ఆగింది. మా ఆయన గ్లాసు అందుకుని మెల్లిగా గుమ్మం వైపు జరిగాడు. "పొద్దుట్నించీ బస్సు నిండా జనాన్ని తిప్పాను. ఒక్కళ్లంటే ఒక్కళ్లు కొట్టుకోలేదు," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

అప్పుడు అందుకుంది పిడుగు. "నానమ్మా, నత్తకి లెక్క రాక కాదు. అందరూ వాడి వీపు చూస్తుంటే రాదు. బెంచీలో కూర్చుని మాకందరికీ చెబుతాడు తెలుసా!"

నేను కొంచెం నవ్వుకునే లోపే అది నా వైపు తిరిగింది.

"అమ్మా, రేడియోకి ఎర్రక్షరాలంటే భయం. తప్పయినా పర్లేదు, ఆలస్యం కాకూడదని ఏదో ఒకటి నొక్కేస్తుందిట. రిమోటు చేతికొచ్చాక ఆలోచించడానికి టైమెక్కడిది అంటోంది."

మళ్లీ చిక్కుళ్ల చప్పుడు మొదలైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉప్పు మాట కూడా రాలేదు.

మర్నాడు నేను బోర్డు చూడకుండా రేడియో వేళ్లు చూశాను. ప్రశ్న సగం కూడా పడకముందే ఆ పిల్ల నొక్కేసింది. నొక్కి, తెర అడుగున తన పేరు లేదని చూసుకుని, ఊపిరి వదిలింది. జవాబు తప్పు. ఆ సంగతి ఆ పిల్లకి పట్టనే లేదు.

మధ్యాహ్నం నేనే కూర్చుని సెట్టింగులన్నీ వెతికి పేర్లు, రంగులు, గడియారం తీసేశాను. ఇకనుంచి ఏ జవాబుకి ఎంతమంది మొగ్గారో మాత్రం తెర మీద పడేది. "మరి ఫస్టెవరో ఎలా తెలుస్తుంది మేడమ్?" అని ముందు బెంచీలు గోలపెట్టాయి. "తెలీదు. ఎందుకు అది నొక్కారో చెప్పండి, వింటాను," అన్నాను. రెండ్రోజులు క్లాసు చప్పబడింది. మూడోనాడు, సగంమంది ఒక జవాబు, సగంమంది ఇంకోటి నొక్కారు. అంతే, కొట్టుకున్నంత పనయింది. నాకు మహా ఆనందమేసింది. రేడియో మాత్రం ఇంకా నోరు విప్పలేదు.

మా బడి పక్కనే ఊరి నీళ్ల ట్యాంకు ఉంది. ఒంటికాలి ట్యాంకు. సన్నటి స్తంభం మీద పెద్ద గుండ్రటి తొట్టి, అచ్చం పుట్టగొడుగులా ఉంటుంది. దాని కింద కుళాయి దగ్గర మధ్యాహ్నం పూట పిల్లలు పళ్లేలు కడుక్కుంటారు. అక్కడే రాజుకుంది నిప్పు.

"మా బోర్డుకి తెలీనిది లేదు," అన్నాడట 'బి' సెక్షన్ వాడొకడు.

"అలాగా! అయితే ఈ ట్యాంకు ఎత్తెంతో చెప్పమను," అందట మా పిడుగు.

"చెబుతుంది. మీ నల్లబల్ల చెబుతుందా?"

"మా నానమ్మ ఒక్క కర్రముక్కతో చెబుతుంది!"

సాయంత్రానికి ఈ కబురు స్టాఫ్‌రూమ్‌కి చేరింది. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అద్భుతం! సమావేశంలో ఇదే పెడదాం. తల్లిదండ్రుల ముందే కొలుద్దాం. ఎవరిది కరెక్టో ట్యాంకు ఆపరేటరు పైనుంచి తాడు వదిలి తేలుస్తాడు!"

అత్తయ్య నా వైపు చూసింది. నేను అత్తయ్య వైపు చూశాను. "సరే," అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఇక ఆ తర్వాత బడిలో పాఠాలు ఎవరు విన్నారో నాకు తెలీదు, కొలతలు మాత్రం అందరూ కొలిచారు. 'ఎ' వాళ్లు కర్ర పాతి నీడ కొలవడం నేర్చారు. కర్ర నీడ కర్రకెంత ఉందో, ట్యాంకు నీడా ట్యాంకుకి అంతే వంతున ఉంటుంది, అదీ వాళ్ల సూత్రం. 'బి' వాళ్లు ఫోన్లో కోణం కొలవడం నేర్చారు. ట్యాంకు కొసకి గురిపెట్టి, మనం ఎంత దూరంలో ఉన్నామో చెబితే ఎత్తు దానంతటదే వస్తుంది. గేటు, కొబ్బరిచెట్టు, హెడ్మాస్టరు గారి గది తలుపు, చివరికి హెడ్మాస్టరు గారు, కొలతకి దొరకనివాళ్లు లేరు. గూఢచారులు కూడా బయల్దేరారు. మా ఇంట్లో పిడుగు నా ఫోన్లోకి తొంగిచూడ్డం, నేను దాచుకోవడం, అత్తయ్య తెలియనట్టు దణ్ణెం మీది బట్టలు తీయడం. ఇల్లంతా ఏదో పెళ్లికి ముందులా సందడిగా ఉండేది.

సమావేశానికి ముందురోజు సాయంత్రం అత్తయ్య వసారాలో కూర్చుని పొడుగాటి నవారు మీద మీటరుకో రంగు గుర్తు వేస్తోంది. నేను వెళ్లి రెండో కొస పట్టుకున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అత్తయ్యా, రేపు నా బోర్డు గెలిస్తే మీకు లైబ్రరీ ఇస్తారట. హెడ్మాస్టరు గారు అన్నారు."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"ఆయన నీతో రహస్యం చెప్పిన రోజు నేను మేడమీద స్టోర్‌రూమ్‌లో ఉన్నా. స్పష్టంగా వినబడింది." గుర్తు వేసి, ఆరడానికి ఊదింది. "నెలరోజులు కడుపులో దాచుకున్నావే, అజీర్తి చేయలేదూ?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "రేపు నేను ఫోను పాడైందని చెప్పేస్తాను."

"చెబితే చెవి మెలేస్తాను," అంది. "నువ్వు గెలవడానికే ఆడు. నేనేమీ ఓడిపోవడానికి ఆడను. ఆ కొస బిగించి పట్టుకో, నవారు సాగుతోంది."

మర్నాడు తెల్లవారేసరికి మంచు. అలాంటిలాంటి మంచు కాదు, ట్యాంకు స్తంభం ఉంది కానీ పైన తొట్టి లేదు. తల్లులు, తండ్రులు, తాతలు శాలువాలు కప్పుకుని మైదానంలో నిలబడ్డారు. మా ఆయన డ్యూటీ మార్చుకుని మరీ వచ్చాడు. ట్యాంకు ఆపరేటరు తాడుచుట్ట భుజానేసుకుని పైన ఎక్కడో మబ్బులో ఉన్నాడు.

తొట్టి మసకమసకగా బయటపడగానే హెడ్మాస్టరు గారు నా పక్కకొచ్చారు. "మీకు ఎండతో పని లేదు కదమ్మా! మొదలెట్టండి. వాళ్లకి నీడ ఎప్పుడొస్తుందో ఏమో."

నిజమే, మాకు కొస కనబడితే చాలు. నా పిల్లలు నా మొహం చూస్తున్నారు. అవతల అత్తయ్య తన పిల్లలతో కర్ర పాతిస్తోంది. నీడ లేని కర్ర.

"ఎండ వచ్చేదాకా ఆగుదాం సార్. ఇద్దరం ఒకేసారి," అన్నాను.

ఆగాం. పిల్లలు "రావే ఎండా రావే" అని అరవడం మొదలెట్టారు, రెండు సెక్షన్లూ కలిసే. పెద్దవాళ్లు కూడా గొంతు కలిపారు. కాసేపటికి మంచు పలచబడి, కర్ర పక్కన చీపురుపుల్లంత గీత కనబడింది. ఆ గీత నల్లబడి, నీడయింది. అంతే, మైదానం హోరెత్తిపోయింది!

'ఎ' పిల్లలు నవారు పట్టుకుని స్తంభం మొదలు నుంచి నీడ కొసదాకా పరిగెత్తారు. 'బి' పిల్లలు తొట్టి వైపు ఫోను ఎత్తారు. ఫోను పట్టడానికి చెయ్యి వణకనివాళ్లు కావాలని నేను రేడియోని పిలిచాను. ఆ పిల్ల మాట్లాడకుండా వచ్చి, కన్ను మూసి గురిచూసి, అంకె చదివింది. మేం నిలబడ్డ చోటునుంచి ట్యాంకుకి దూరమెంతో గదిలో బోర్డు మీద ఉపగ్రహ చిత్రంలో ముందే కొలిచి పెట్టుకున్నాం. ఆ దూరం, ఈ కోణం ఇవ్వగానే ఫోను జవాబు చెప్పేసింది.

అత్తయ్య గదిలోంచి పలక తెప్పించి పెద్దక్షరాలతో రాసింది: 22.4 మీటర్లు.

నేను ఫోను పైకెత్తి చదివాను: 18.8 మీటర్లు.

తల్లిదండ్రుల్లో గుసగుసలు. తేడా కొంచెం కాదు, ఓ గది ఎత్తుంది. "వదలవయ్యా తాడు!" అని హెడ్మాస్టరు గారు పైకి అరిచారు. తొట్టి అంచు మీంచి రాయి కట్టిన తాడు ఊగుతూ దిగింది. రాయి నేలకి తగలగానే ఆపరేటరు పైన గుర్తు పెట్టి తాడు కిందికి వదిలాడు. దాన్ని మైదానంలో పరిచి, అందరి ముందూ నవారు పెట్టి కొలిచాం.

ఇరవై మీటర్లు, మీద జానెడు కంటే తక్కువ.

తర్వాత వెనకనుంచి మా ఆయన గొంతు, "అయితే ఇద్దరూ ఫెయిలే!" జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వులో హెడ్మాస్టరు గారు ఒక్కరే నవ్వలేదు. "తేనీరు ఏర్పాటు చేశాం, దయచేసి..." అని జనాన్ని అటు తోలబోయారు.

"ఆగండి సార్," అంది అత్తయ్య. పలక మీద తన అంకె పక్కన తనే 'తప్పు' అని రాసింది. రాసి, పలకని గుండెలకి ఆనించుకుని నిలబడింది. "మా క్లాసులో లెక్క తప్పితే సరయ్యేదాకా నిలబడాలి. నేను ఇక్కడే ఉంటాను. ఎక్కడ తప్పానో వెతకండర్రా."

పిల్లలు నమ్మలేనట్టు చూశారు. నత్తయితే నోరు తెరిచి చూశాడు.

"గదిలోకి రండి," అన్నాను నేను. ఎందుకన్నానో తెలీదు, కాళ్లు అప్పటికే నడుస్తున్నాయి. "అందరూ రండి, మీరూ రండి అత్తయ్యా." బళ్లో ఆవిణ్ణి అలా పిలవడం అదే మొదలు. బి సెక్షన్ గదిలో రెండు సెక్షన్లు, కిటికీలకి వేలాడుతూ తల్లిదండ్రులు. బోర్డు మీద ఉపగ్రహ చిత్రం అలాగే ఉంది. మైదానం, చెట్లు, మధ్యలో గుండ్రంగా తెల్లటి బిళ్లలా ట్యాంకు.

నత్త ముందుకొచ్చి ఆ బొమ్మ చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. తర్వాత, "దీని కాలేది?" అన్నాడు.

పిల్లలు పగలబడి నవ్వారు.

"నవ్వకండి," అంది అత్తయ్య. "మళ్లీ అడుగు నాన్నా."

"పైనుంచి చూస్తే ట్యాంకుకి కాలు లేదు మేడమ్. టోపీ ఒక్కటే ఉంది. మరి ఎండ కూడా పైనుంచే కదా చూసేది? నీడ కొస... టోపీ అంచుదేమో. మనం కాలి దగ్గర్నుంచి కొలిచాం."

పిల్లలంతా మైదానంలోకి పరిగెత్తారు, తలుపు సరిపోక కిటికీలోంచి కూడా దూకారు. నత్త తొట్టి అంచుకి సరిగ్గా కింద నిలబడాలని తలెత్తి "ముందుకా? వెనక్కా?" అని అరుస్తుంటే, దూరం నుంచి యాభై గొంతులు "ఇంకొంచెం! ఆగు! ఒక్కడుగు వెనక్కి!" ఎవరో దారానికి రాయి కట్టి సరిచూశారు. స్తంభం నుంచి అక్కడికి మూడు మీటర్లు. ఆ మూడూ నీడలోంచి తీసేసి మళ్లీ లెక్కేస్తే సరిగ్గా ఇరవై! పిడుగు నత్తని ఎత్తబోయి ఇద్దరూ మట్టిలో పడ్డారు.

"మాది?" అంటోంది నా సెక్షన్, అందరం మళ్లీ గదిలోకి రాగానే. "మాదెక్కడ తప్పింది మేడమ్? మేం టోపీ నుంచే కొలిచాం కదా!"

నిజమే. ఫోను జవాబు చెప్పింది కానీ దారి చెప్పలేదు. నాకూ తెలియలేదు. ఇంతమంది ముందు ఆ మాట ఒప్పుకోవడం ఈసారి నా వంతయింది. "నాకూ తెలీదర్రా. అత్తయ్యా, మీరేమైనా చూస్తారా?"

"నల్లబల్ల ఏది?"

వరండాలో మూలనున్న నల్లబల్లని తండ్రులే మోసుకొచ్చారు. అత్తయ్య పెద్ద చెక్క కోణమానిని పట్టుకుని, మీటరుకి రెండు వేళ్లంత చొప్పున, నిదానంగా గీయడం మొదలెట్టింది. నేల గీత. దాని మీద దూరం. "ఇప్పుడు కోణం. ఎక్కణ్నించి గీయాలి? ఫోను పట్టుకున్నదెవరు?"

రేడియో చెయ్యెత్తింది.

"ఎక్కడ పట్టుకున్నావ్?"

"కంటి దగ్గర మేడమ్."

"కన్నెక్కడుంది?"

"మొహంలో."

"మొహం?"

"మెడ మీద." అందరూ నవ్వుతున్నారు. ఆ పిల్ల మాత్రం నవ్వడం లేదు.

"మెడ?"

"ఒంటి మీద... ఒళ్లు కాళ్ల మీద... కాళ్లు నేల మీద... అయ్యయ్యో! మేడమ్! కోణం నేల మీంచి కాదు, నా కంట్లోంచి! ఫోను నా కంటినుంచి పైకి ఎంతుందో చెప్పింది, నా కంటి కింద ఉన్నది ఎవరూ కలపలేదు, నన్నే ఎవరూ కలపలేదు! అందులో 'మీ ఎత్తు' అని ఓ గడి ఉంది, నేను చూశాను, ఖాళీగా వదిలేశారు, చెబుదామనుకుని చెప్పలేదు, నేల నుంచి నా కంటికి ఎంత, ఎవరైనా కొలవండర్రా, చూస్తారేం, నవారు తెండి!"

రేడియో మళ్లీ మొదలైంది. ఆ రోజు దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆ పిల్ల కంటి ఎత్తు మీటరు మీద ముప్ఫై సెంటీమీటర్లు. కలిపితే ఇరవై, మీద కాస్త. తాడు చెప్పినదే. కిటికీల దగ్గర చప్పట్లు మొదలై మైదానం దాకా వెళ్లాయి. తేనీరు చల్లారిపోయింది, ఎవరూ దాని జోలికి పోలేదు.

ఆ మధ్యాహ్నమే నేను హెడ్మాస్టరు గారి గదికి వెళ్లాను. "రెండు సెక్షన్లూ నాకొద్దు సార్. బోర్డు రెండు సెక్షన్లకీ కావాలి, పెద్ద మేడమ్ కూడా రెండు సెక్షన్లకీ కావాలి. నల్లబల్ల మళ్లీ నా గదిలో బిగించండి, డిజిటల్ బోర్డు పక్కనే."

ఆయన కిటికీలోంచి మైదానం వైపు చూశారు. పిల్లలు అప్పుడు జామచెట్టుని కొలుస్తున్నారు. "మరి లైబ్రరీ?" అన్నారు నీరసంగా.

"లైబ్రరీ గది పొడుగు రేపు కొలుస్తాం సార్."

సోమవారం వడ్రంగి వచ్చి నల్లబల్ల బిగించాడు. ఇల్లు మాత్రం అంతకు ముందే మారిపోయింది. ఆ ఆదివారమంతా వంటింట్లో మేమిద్దరం గట్టిగట్టిగా వాదించుకున్నాం. ఎండ ఎంత పైకొస్తే నీడ తప్పు అంత పెరుగుతుందా, తగ్గుతుందా అని. పెరుగుతుందని ఆవిడ, ఎందుకు పెరగాలని నేను. ఆవిడ తలుపు మీద సుద్దతో గీసింది, నేను ఫోన్లో గీశాను. వీధిలోంచి వస్తూ అది విని పక్కింటావిడ మా ఆయన్ని ఆపి, "అత్తాకోడళ్లకి పడ్డం లేదా బాబూ?" అని అడిగిందట. "ఇవాళే పడింది పిన్నిగారూ," అన్నాడట ఆయన.

చివరికి ఆవిడే గెలిచింది. గెలిచి, తలుపు తుడుస్తూ అంది, "రేపు నీ క్లాసుకొచ్చి కూర్చుంటాను. ఆ బోర్డుతో నువ్వేం చేస్తావో చూడాలి. ఎల్లుండి నువ్వు నా క్లాసుకి రా. ఎవర్నైనా నిలబెట్టబోతే దగ్గు."

మర్నాడు పొద్దున ఇద్దరం కలిసే బయల్దేరాం. ఆవిడ వచ్చి నా క్లాసులో ఆఖరి బెంచీలో రేడియో పక్కన, మోకాళ్లు బల్లకి తగులుతుండగా కూర్చుంది. పిల్లలు కాసేపు బిగుసుకుపోయి, తర్వాత మర్చిపోయారు. నేను బోర్డు మీద శంకువుని అడ్డంగా కోసి చూపిస్తున్నాను. తెర మీద కోత మెల్లిగా వంపు తిరుగుతుంటే గది గదంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. అలాంటి సమయంలో వెనకనుంచి గుసగుస. ఆగింది, మళ్లీ మొదలైంది. ఈసారి గట్టిగా. శంకువుని నిలువుగా కోస్తే ఏమొస్తుందని ఎవరో ఎవరితోనో పందెం కాస్తున్నారు.

"ఆఖరి బెంచీ! మాటలాపండి!" అన్నాను, తెర మీంచి తల తిప్పకుండానే.

గది ఒక్కసారి చల్లబడింది. అప్పుడు తట్టింది నాకు. తల తిప్పాను. పిల్లలందరూ ఒకసారి నన్ను, ఒకసారి వెనక్కి చూస్తున్నారు. రేడియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మా అత్తయ్య మోకాలు పట్టుకుని, బల్ల ఊతంతో లేచి నిలబడింది.

"సారీ మేడమ్," అంది. "త్రిభుజం వస్తుందని నేనంటున్నాను, ఈ పిల్ల ఒప్పుకోవడం లేదు. ఓసారి కోసి చూపిస్తారా?"